బ్యాటరీకి తలస్నానం

ఆ రోజుల్లో, అంటే ఇంజనీరింగు పట్టా చేతికొచ్చి ఉద్యోగం మాత్రం చేతికి రాని రోజుల్లో, లోకంలోని ప్రతి చిక్కునూ ఒక వరుసలో విప్పవచ్చని నాకు గట్టి నమ్మకం ఉండేది. ముందు తేలిక కారణాలు, తర్వాత కష్టమైనవి, చివరికి ఎవరికీ తోచనివి. గొర్రెపిల్ల పాలు తాగకపోయినా, చేను దగ్గర మోటారు నీళ్ళు పోయకపోయినా, నేను వేళ్ళు మడుస్తూ కారణాలు చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. నేను మూడో వేలు మడిచేలోపు మా అవ్వ (మా బాపును కన్నతల్లి) ఆ పనేదో చేసేసి లోపలికి వెళ్ళిపోయేది. అయినా నా నమ్మకం చెక్కుచెదరలేదు. చదువు అంత గట్టిగా ఎక్కింది మరి.

అది కరోనా ఏడాది. కాలేజీలు మూతపడి, నేను చిట్యాల దగ్గరి మా ఊళ్ళో గొర్రెల మధ్య కూర్చుని కంపెనీలకు దరఖాస్తులు పంపుతున్నాను. పంపినవాటిలో ఒకే ఒక్క కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. దసరా మర్నాడు మధ్యాహ్నం ఇంటర్వ్యూ, లాప్‌టాప్ ముందు కూర్చుని కెమెరాలో ముఖం చూపిస్తూ ప్రోగ్రాము రాయాలి. ఇది తప్పితే నా గతి ఏమిటో ఇంట్లో ముందే తేలిపోయింది. పక్క ఊళ్ళో మా మామకు (అమ్మ తమ్ముడు) పశువుల దాణా దుకాణం ఉంది. దీపావళి లోపు ఉద్యోగం రాకపోతే అందులో కూర్చోబెడతానని బాపు మాట ఇచ్చేశాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు నన్ను తప్ప అందరినీ అడిగాడు.

పండుగ ఆనందంగానే గడిచింది. మా ఇంట్లో దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. గొడ్డలి, కొడవళ్ళు, ఉన్ని కత్తిరించే కత్తెర, బాపు బండి, వాటి పక్కన ఆ ఏడాది కొత్తగా నా లాప్‌టాప్. మూత మీద నిండుగా కుంకుమ బొట్టు పెట్టించుకుని అది కొడవళ్ళ మధ్య దర్జాగా కూర్చుంది. నేను ఒక ఫొటో తీసుకుని, మిత్రులతో పాలపిట్టను చూడటానికి పోయాను.

మర్నాడు పొద్దున్నే ఊరి వాట్సాప్ గ్రూపులో కబురు. తీగల మీద పడ్డ కొమ్మలు కొడతారట, సాయంత్రం దాకా కరెంటు ఉండదట. నేను నవ్వుకున్నాను. నాకు బ్యాటరీ ఉంది కదా! ఎప్పుడూ చార్జర్ మీదే నడిపితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందని ఎక్కడో చదివి, దాన్ని ఊడదీసి, సగానికి పైగా నింపి, పండుగకు ముందే లాప్‌టాప్ సంచిలో గుడ్డలో చుట్టి దాచి ఉంచాను. (మాది పాత కాలపు సెకండ్ హ్యాండ్ యంత్రం, బ్యాటరీ వెనక నుంచి ఇటుకలా ఊడి వచ్చేది.) దాన్ని తెచ్చి బిగించి, ఠీవిగా చార్జర్ తీగ లాగాను. తెర చటుక్కున నల్లబడింది.

మళ్ళీ తీగ పెట్టాను, వెలిగింది. తీగ లాగాను, చచ్చింది. కింద మూలన బ్యాటరీ గుర్తు మీద ఎర్రటి ఇంటూ మార్కు, 'బ్యాటరీ లేదు' అని అక్షరాలు. చేతిలో పెట్టి చూపిస్తున్నా లేదంటుంది! భయం వేసింది కానీ, నిజం చెప్పాలంటే అందులో కొంత ఉత్సాహం కూడా ఉంది. ఇన్నాళ్ళకు నా పద్ధతికి సరైన చిక్కు దొరికింది. అన్నీ ఊడదీసి పవర్ బటన్‌ను వేలు తెల్లబడేదాకా నొక్కి పట్టాను. బ్యాటరీని నడిపే సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్ళీ ఎక్కించాను. లోపలి సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. ప్రతి ప్రయత్నానికీ ముందు "ఈసారి పక్కా" అని పైకే అనుకున్నాను. పండుగకు వచ్చి, నిన్నటి మటన్ కూర తింటూ అరుగు మీద కూర్చున్న మామకు అది వినబడింది.

"ఏమైంది అల్లుడా, గంత పరేషాన్ ఐతున్నవ్?"

"బ్యాటరీ పని చేస్తలేదు మామా."

"నీళ్ళు చూసినవా?"

"దీంట్ల నీళ్ళుండయి."

"నీళ్ళు లేకుంట గది బ్యాటరీ ఎట్లైతదిరా! మా ట్రాక్టర్‌ది చూడు, జర నీళ్ళు పోస్తే సింహం లెక్క లేస్తది. పోనీ నూకితే స్టార్ట్ కాదా?"

"ఎక్కడికని నూకాలె మామా దీన్ని?"

"ఫికర్ జెయ్యకు. మా దుకాణంల కరెంటు పోయినా తక్కెడ ఆగది," అని మామ ఎముక చీకుతూ ఓదార్చాడు. అదే నిమిషాన పైన ఫ్యాను తిరగడం ఆపింది. లాప్‌టాప్ కూడా ఆగింది. కొమ్మలు కొట్టేవాళ్ళు మా వీధిలోకి వచ్చేశారు. చిట్యాలకు పరుగెత్తుదామంటే పండుగ మర్నాడు నెట్ షాపు తీయరు.

ఇంట్లో చీకటిగా ఉందని బ్యాటరీని వాకిట్లోకి, ఎండలోకి తెచ్చాను. అప్పుడు మొదటిసారి దాని ముఖం చూశాను. యంత్రానికి తగిలే బంగారు రంగు పళ్ళ మీద, సరిగ్గా వాటి మీదే, గట్టిగా ఎండిపోయిన పసుపు, దాని మధ్యలో కుంకుమ, కుంకుమలో ఇరుక్కున్న రెండు అక్షింతలు.

"అవ్వా!"

"ఏందిరా గట్ల మొత్తుకుంటున్నవ్?"

"దీనికి బొట్టు నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన. పెద్దదానికి పెట్టి పిల్లదాన్ని మూటల ఇడిసిపెడ్తనా? చిన్నబోదా?"

"మరి ఇంత జాగా ఉండంగ గీడనే ఎందుకు పెట్టినవ్?"

"బొట్టు ముఖానికే గద పెడ్తరు. పండ్లున్న దిక్కే ముఖం."

(నా నాలుగేళ్ళ పుస్తకాల్లో దేనిలోనూ బ్యాటరీకి ముఖం ఎటువైపో రాయలేదు కాబట్టి నేను వాదించలేకపోయాను.) చొక్కా అంచుతో తుడవబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. నవ్వులాట కాదు, ఆమె కళ్ళల్లో నిజమైన భయం.

"పండుగ బొట్టు తుడుస్తవార? నీ కొలువు కోసం మొక్కి పెట్టిన బొట్టు అది. తుడిచినవంటే కొలువే తుడిచిపెట్టుకున్నట్టు."

"తుడవకపోతే అసలు కొలువే లేదు అవ్వా!"

బాపు వంక చూశాను. ఆయన గొర్రెల్ని లెక్కపెడుతున్నట్టు నటించాడు. తల్లికీ కొడుకు ఉద్యోగానికీ మధ్య తగువు వస్తే ఆయనెప్పుడూ గొర్రెల్నే లెక్కపెడతాడు. ఇక నేనే దిగి, మెత్తగా అడిగాను: "మరి బొట్టు ఎట్ల పోతే దోషం ఉండదు?"

"తానం జేస్తే దానంతటదే పోతది. గది దోషం కాదు."

"నీళ్ళు పోస్తే ఇది సచ్చిపోతదవ్వా."

"అయితే నీళ్ళు గాని నీళ్ళేవన్న ఉంటయేమో సోంచాయించు. సదువుకున్నవ్ గద."

తడి కావాలి, కానీ నిలవకూడదు. కడగాలి, కానీ ఆరిపోవాలి. నా బుర్ర ఒక్కసారిగా వెలిగింది. గొర్రెలకు సూది వేసేముందు చర్మం మీద రాసే స్పిరిట్! మందుల సంచి దొడ్డి గుంజకే వేలాడుతోంది. "బాపూ, స్పిరిట్!" అని అరిచాను. ఆయన లెక్క వదిలేసి ఉరికాడు. దొడ్డి ముందు పీట వేసి, బ్యాటరీని కూర్చోబెట్టి, పాత బ్రష్షును స్పిరిట్లో ముంచాను.

"ఆగు, బ్రష్షు ఎందుకు?" అంది అవ్వ అనుమానంగా.

"పండ్లు తోముకోకుంట తానం జేస్తరా?"

అవ్వ సబబే అని ఒప్పుకుంది. తర్వాత ఉత్సాహం ఆమెకే ఎక్కువైంది. "గా మూలకు తోము. గా సందుల ఇంక ఎర్రగ ఉంది సూడు." బొట్టు నీళ్ళు ఎవరూ తొక్కకుండా కింద గిన్నె పట్టి, భక్తిగా బంతిచెట్టు మొదట్లో పోసింది. (పాపం ఆ బంతిచెట్టు.) పళ్ళు మళ్ళీ తళతళలాడాయి. బాగా ఆరేదాకా ఆగి, బిగించి, కళ్ళు మూసుకుని బటన్ నొక్కాను. చిన్న నీలం దీపం వెలిగింది! నేను గంతేశాను, బాపు ఈల వేశాడు, మామ సగం ఎముకతోనే చప్పట్లు కొట్టాడు. అవ్వ మాత్రం కుంకుమ భరిణె తెచ్చి "తానమైంది గద, మళ్ళ పెట్టాలె" అంది. ఈసారి ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి మరీ చూపించాను.

ఫోన్ నెట్‌కు సిగ్నల్ బాగుంటుందని దొడ్డి పక్కన కొట్టంలో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చాను. ప్రశ్నలు అడిగే మేడం ముఖం కన్నా కింద తగ్గిపోతున్న చార్జింగు అంకెనే ఎక్కువ చూశాను. మామూలుగా ఏది అడిగినా ఏడు కారణాలు చెప్పేవాణ్ణి, ఆ రోజు ఒక్కటే చెప్పి ఆపాను. ఆమె "ఇంకేమైనా ఉందా?" అంటే "లేదు మేడం" అన్నాను. వెనక గొర్రెలు అరిస్తే "మీ ఇంట్లోవాళ్ళా?" అని నవ్వింది. "అవును మేడం" అన్నాను, వివరించే వ్యవధి లేక. ఆమె ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయాక కాసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది.

అప్పుడు నేను పరుగెత్తాను. చెప్పుల్లేకుండా, తీసిన పత్తిచేల గట్ల మీదుగా, బాపు మంద తోలుకుపోయిన బీడు దాకా ఒకటే పరుగు. నన్ను చూసి ఆయన కర్ర వదిలేసి ఎదురొచ్చాడు.

"ఏమైంది బిడ్డా? వచ్చిందా?"

"ఆఖరిదాక ఉన్నది బాపూ!" అన్నాను రొప్పుతూ. "బ్యాటరీ ఆఖరిదాక ఉన్నది!"

బాపు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మరి కొలువు నీకా, బ్యాటరీకా?"

కొలువు నాకే వచ్చింది, తర్వాతి వారం. ఆ తర్వాత ఈ నగరంలో, చల్లటి గదుల్లో, అంతకన్నా పెద్ద యంత్రాలను చాలాసార్లు బాగుచేశాను. మెచ్చుకోలు ఈమెయిళ్ళు కూడా వచ్చాయి. వాటిని చదివి, కుర్చీలోంచి లేవకుండానే ఇంకో పనిలో పడిపోతాను. అప్పుడప్పుడూ మాత్రం, గట్ల మీద కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆగకుండా, ఇంకా రాని ఉద్యోగాన్ని మరిచిపోయి, వెలిగిన ఒక చిన్న దీపం గురించి చెప్పడానికి ఉరికిన ఆ పిల్లవాడు గుర్తొస్తాడు. నా ముఖం మీద నవ్వు చూసి పక్క సీటు మిత్రుడు ఏమిటని అడిగితే, ఏమీ లేదంటాను.