ఎత్తే ట్యూబులోనే లీకు

బీమా కంపెనీల తరఫున దెబ్బతిన్న బండ్లు చూసి రావడం నా పని. లారీ బంపరు మీది సొట్ట గేదెను గుద్దితే పడిందా, గోడను గుద్దితే పడిందా తేల్చాలి. యజమాని చెప్పేది సగమే వింటాను, రేకు చెప్పేది పూర్తిగా వింటాను. ఈ బుద్ధి ఏలూరు ఆఫీసులోనే వదిలి ఇంటికి రమ్మని నా భార్య మొత్తుకుంటూనే ఉంటుంది. వదిలితే వదిలేదా అది? మా విమానం కాళ్ళు ముడుచుకోవడం మానేసిన రోజున కూడా నాకు ముందు మనిషి మీదే అనుమానం వచ్చింది.

విమానమంటే రిమోట్‌తో ఎగిరేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానానికి నమూనా. చిన్నదనుకునేరు, రెక్కలు తగిలిస్తే డబుల్ కాట్ మీద కూడా పట్టదు. మా అక్క భర్త, నేను కలిసి కట్టాం. బావగారికి భీమడోలు దగ్గర చేపల చెరువులున్నాయి. జీవితమంతా మోటార్లతో, డీజిలు ఇంజన్లతో గడిపిన మనిషి కాబట్టి పెట్రోలు ఇంజను ఆయన వాటాకి వచ్చింది. దాన్ని ముక్కు పలకకి తిన్నగా బిగిస్తే కుదరదు, కాస్త కుడికీ కాస్త కిందకీ చూసేలా వాషర్లు వెయ్యాలి. లేకపోతే వేగం అందుకోగానే విమానం ఎడమకి లాగేస్తుంది. ఆ వాషర్లు వేస్తూ తీస్తూ ఆయన ఒక వర్షాకాలం గడిపేశారు.

కాళ్ళు నా వాటా. రెక్కల అడుగున గూళ్ళు చెక్కి, కాళ్ళు చక్రాలతో సహా ముడుచుకుని వాటిలో పడుకునేలా అమర్చాను. వాటిని నడిపేది గాలి. సైకిల్ పంపుతో ఒక బుల్లి సిలిండర్ నింపుతాం. ఎర్ర ట్యూబులో వెళ్ళే గాలి కాళ్ళను ఎత్తుతుంది, నీలం ట్యూబులో వెళ్ళేది దించుతుంది. దిగి లాకయిన కాళ్ళు గాలి లేకపోయినా నిలబడతాయి. ఎగరేసేది మాత్రం బావగారే. రిమోట్ పట్టుకుంటే నాకు చెమటలు పడతాయి.

మొదట ఆయన చెరువు గట్టు మీదే ఎగరెయ్యాలనుకున్నాం. ఇంజను మోత వినగానే పక్క చెరువుల వాళ్ళు గుమిగూడారు. కొల్లేటి చుట్టుపక్కల ఆకాశంలో ఏది తిరిగినా ఆక్రమణలు పట్టుకోవడానికి చెరువులు కొలిచే సర్కారు డ్రోన్ అనే అనుకుంటారు. "ఏవండీ, ఎవరు పంపారండి మిమ్మల్ని?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగి, ఇంజను చల్లారేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆయన్ని తప్పు పట్టలేదు నేను. ఆయన స్థానంలో నేనుంటే విమానం మూత కూడా విప్పించేవాణ్ణి.

దాంతో తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీదకి మారాం. అక్కడ పొద్దున్నే కొందరు నడుస్తారు, కొందరు కారు నేర్చుకుంటారు, కోతల రోజుల్లో ధాన్యం ఆరబోస్తారు. మొదటిసారి విమానం పైకి లేచి కాళ్ళు ముడిచినప్పుడు వాకింగ్‌కి వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉబ్బింది. బావగారు మాత్రం, "కాళ్ళు ముడిస్తే ఏమొస్తుందయ్యా? మన కొంగలు కాళ్ళు చాపుకునే కదా ఎగురుతున్నాయి" అన్నారు. ఇంజనుని ఎవరూ మెచ్చుకోలేదని ఉడుక్కున్నారనుకున్నాను.

ఆ తర్వాత కొన్ని వారాలకి కాళ్ళు లేవడం ఆగిపోయింది. విప్పి చూస్తే ఎర్ర ట్యూబు జాయింటు దగ్గర నట్టు వదులైంది. బిగించాను. మళ్ళీ వదులైంది. ట్యూబు మార్చాను. మళ్ళీ అదే. ఇంజను అదురుకి వదులైతే రెండూ అవ్వాలి కదా! నీలం జాయింటు చెక్కుచెదరలేదు. ఎత్తే ట్యూబునే ఎంచుకుని లీకయ్యే అదురు నా సర్వీసులో నేను చూడలేదు.

విమానం ఉండేది బావగారి చెరువు మీది మోటారు షెడ్డులో. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. పైగా ఆయన వాలకం కూడా మారింది. నేను తలుపు తీసేసరికి రెక్క కింద చెయ్యి పెట్టి కాళ్ళు తడుముతూ కనబడేవారు. నన్ను చూసి చెయ్యి తీసేసేవారు. ఇంట్లో కారు పెట్టుకుని ఏలూరు రావడానికి రైలెక్కేవారు. అడిగితే నడుం నొప్పి అనేవారు. నడుం నొప్పి మనిషి పాసింజరు రైల్లో నిలబడి వస్తాడా? నా కాళ్ళకి వచ్చిన పేరు చూసి ఓర్వలేకపోతున్నారని ఖాయం చేసుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయినా అక్క మొగుణ్ణి మొహం మీద అడిగితే ఇంకేమైనా ఉందా? బావగారు నొచ్చుకుంటే ముందు అక్క నన్ను కడిగేస్తుంది, ఆ తర్వాత మా అమ్మ అందుకుంటుంది. అందుకని మా ఆవిడ గోళ్ళరంగు తీసుకెళ్ళి, నట్టు మీద నుంచి జాయింటు మీదకి ఒక సన్నటి గీత గీశాను. వెతికి మరీ చూస్తే తప్ప అది కనబడదు.

ఆదివారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళేసరికి ఆ గీత రెండు ముక్కలై ఉంది. నట్టు పావు చుట్టు తిరిగింది. దొరికారు! ఆయన కాఫీకని పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళినప్పుడు చప్పుడు చెయ్యకుండా బిగించేసి, సిలిండర్ నిండా గాలి కొట్టి, ఏమీ ఎరగనట్టు కారెక్కాను.

రన్‌వే మీద ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. విమానం పరుగెత్తి, తోక లేపి, నేలని వదిలింది.

"ఎత్తండి బావగారూ కాళ్ళు" అన్నాను.

"ఎక్కడ లేస్తాయయ్యా నీ కాళ్ళు" అని నవ్వుతూ స్విచ్చి నొక్కారు.

రెండు కాళ్ళూ ముచ్చటగా ముడుచుకుని గూళ్ళలో పడుకున్నాయి. వెనక ఎవరో ఈల వేశారు. నేను విమానాన్ని వదిలేసి బావగారి మొహమే చూస్తున్నాను. దొంగ దొరికినప్పుడు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ అది లేదు. నవ్వు పోయి, నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళు చిట్లించి ఆకాశమంతా వెతుకుతున్నారు.

"అది వస్తోందా, వెళ్తోందా?" అన్నారు.

"ఏంటండీ?"

"విమానమయ్యా! మన వైపు వస్తోందా, అటు పోతోందా? తిరగబడిందా? చెప్పు తొందరగా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. విమానం ఒక పక్కకి ఒరిగి, రోడ్డు వైపుకి దిగుతోంది. "కుడికండీ! ఇంకా! పైకి లాగండి! కాళ్ళు దించెయ్యండి!" అని అరిచాను. ఆయన వేలు స్విచ్చి మీద పడింది. రెక్కల కింద నుంచి రెండు కాళ్ళూ వేలాడాయి. వెంటనే ఆయన భుజాలు దిగాయి. "ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది" అని ఒక్క చుట్టు తిప్పి, నేల మీద రెండు గెంతులు గెంతించి ఆపేశారు.

ఇద్దరం రన్‌వే అంచున గడ్డిలో కూర్చున్నాం. ఆయనే మొదలుపెట్టారు.

"కళ్ళకి నీటికాసులన్నాడు డాక్టరు, గ్లాకోమా. చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందట. పోయింది మాత్రం రాదట. మీ అక్కకి ఇంకా చెప్పలేదు. కాళ్ళు వేలాడుతుంటే ఏది కిందో తెలుస్తుందయ్యా. ముడిచేస్తే నాకది ఒట్టి మరక."

జాలి రావాల్సింది. నాకు ముందు కోపమే వచ్చింది. "నాకు చెప్పొచ్చు కదండీ! ఇన్నాళ్ళు నట్లు వదులు చేసుకుంటూ కూర్చున్నారా?"

"చెబితే రిమోట్ నా చేతికిచ్చేవాడివా?"

ఇచ్చేవాణ్ణి కాదు. రోడ్డు అంత దగ్గరలో ఉంది, కింద మనుషులు నడుస్తున్నారు, ఎలా ఇస్తాను? చక్రానికి అంటిన గడ్డి పీకాను.

ఇంతలో వాకింగ్ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "భలే ముడుచుకున్నాయండి చక్రాలు! ఇంకోసారి ఎగరెయ్యండి, మా మనవడికి వీడియో తీసి పంపుతాను" అన్నాడు.

"మా బావమరిది ఎగరేస్తాడండి" అంటూ బావగారు మెళ్ళోంచి పట్టీ తీసి, రిమోట్ నా వైపు చాపారు. నేనున్న చోటికి కాస్త పక్కగా చాపారు. నేనే జరిగి అందుకున్నాను.