దొరల గుడిలో చల్లని రాయి

మా అత్తగారి ఊళ్లో చర్చిని ఇప్పటికీ దొరల గుడి అనే అంటారు. నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వెళ్తుంటే తాటిచెట్ల మీదుగా ముందు దాని గంట గోపురమే కనిపిస్తుంది. ఉప్పు కొఠార్ల మీద అధికారులుగా వచ్చిన ఇంగ్లీషువాళ్లు తమ ఆరాధనకు కట్టించుకున్నారు. వాళ్లు వెళ్లిపోయాక ఊళ్లో ఉన్న కొద్దిపాటి విశ్వాసుల కుటుంబాలకు మిగిలింది.

నాకు ఏడో నెల రాగానే అత్తగారు అక్కడికి రమ్మన్నారు. సీమంతానికి బదులు మా వాళ్లు ఏడో నెల ప్రార్థన పెడతారు. ఆ ఇంటి కోడళ్లందరికీ అది ఆ గుడిలోనే, బలిపీఠం ముందే జరగాలి.

ప్రార్థన రోజు ఉదయం విజయనగరంలో రైలెక్కినప్పటి నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదు. ముందటిసారీ ఇలాగే అయింది. ఒక పగలంతా కదలిక లేదు. మర్నాడు డాక్టరమ్మ స్కానింగు ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. పాస్టరుగారి కూతుర్ని, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పేదాన్ని. అయినా అలాగే అనుకున్నాను.

గుడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్తే బయటి ఎండ ఒక్కసారిగా ఆగిపోయింది. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు. కిటికీలన్నీ సన్నగా, పొడుగ్గా, పైన మొనదేలి ఉన్నాయి. మా నాన్న సంఘం కూడుకునేది రేకుల షెడ్డులో. అక్కడ ప్రార్థనంటే కేకలు, చప్పట్లు. ఇక్కడ నేను దగ్గితే ఆ దగ్గు పైకి వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చింది.

ఆడవాళ్లు బలిపీఠం ముందు చాపలు పరిచారు.

“ఇక్కడ కూకోయే, ఈ రాయి సల్లగుంటాది,” అన్నారు అత్తగారు. “నీ మొగుడు సిన్నప్పుడు గుక్కపట్టి ఏడిస్తే దీని మీదే పడుకోబెట్టీదాన్ని. టక్కుమని ఊరుకునీవోడు.”

“ఇప్పుడు పెళ్లాం ఊరుకోబెడతన్నాది గావాల, వదినా!” అంది వెనకనుంచి ఒకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రార్థన మొదలైంది. అత్తగారు నా తల మీద చెయ్యి పెట్టారు. నేను వెనక్కి ఆనించిన అరచేతికి చాప కింద ఏవో గాడులు తగిలాయి. తడిమితే అక్షరాలు. కళ్లు మూసుకోవలసిన సమయంలో చాప అంచు కొంచెం ఎత్తి చూశాను. ఇంగ్లీషు రాత. పేరు అరిగిపోయింది. ఒక అధికారి భార్య అని, ఆమెతో పాటే పేరైనా పెట్టని ఆమె బిడ్డ అని ఉంది.

గుడి లోపల మనుషుల్ని పాతిపెడతారని నాకు అప్పటిదాకా తెలియదు. నేలకు ఊరికే తెల్లరాళ్లు పరిచారనుకున్నాను.

చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదని నాకు తెలుసు. బైబిల్లో సౌలు రాజు ఆ పని చేసి ఎలా నాశనమయ్యాడో పిల్లలకు చెప్పేదాన్ని. అయినా ‘అమ్మా, నా బిడ్డను వదిలెయ్’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. నా మీద నాకే భయమేసింది. నెత్తి మీద ఉన్న అత్తగారి చెయ్యి పట్టుకున్నాను.

“అత్తా, కదలట్లేదు. పొద్దుటి నుంచీ.”

ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

“పొద్దుట్నుంచా? ఒసే, నోరు పడిపోనాదేటే నీకు?” అని అరిచి, వెంటనే గొంతు తగ్గించారు. “పడుకో. ఎడం పక్కకి తిరుగు.”

“ఇక్కడొద్దత్తా.”

“ఇక్కడొద్దేటి? పడుకోమన్నానా!”

ఒకామె పంచదార నీళ్లకు పరిగెత్తింది. ఇంకొకామె ఆటోకి ఫోను చేస్తోంది. ఆ రాత చదవగలిగింది అక్కడ నేనొక్కదాన్నే. ఏముందో చెప్పలేదు. ఆ రాతి మీదే పడుకున్నాను.

తల కొంచెం తిప్పితే కప్పు కనిపించింది. నల్లబడిన టేకు దూలాలు, వాటి మధ్య సన్నటి ఇటుకలు ఏటవాలుగా పేర్చి సున్నంతో పోసిన మిద్దె. ఉప్పుగాలికి సున్నం రాలిన చోట ఇటుక ఎర్రగా బయటపడింది. తూర్పు కిటికీలో ఎరుపు, నీలం అద్దాలు. పగిలిన చోట రేకు ముక్క కొట్టారు. ఇదే కిటికీ కేసి, ఇలాగే కడుపుతో, ఈ రాతి కిందున్నావిడా చూసి ఉంటుంది. ఆవిడా ప్రార్థించే ఉంటుంది. నాకన్నా తక్కువ విశ్వాసంతో ప్రార్థించిందని ఎలా అనుకోను? నన్ను వణికించింది కింద ఉన్న సమాధి కాదు, ఈ ఆలోచన. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ పోయాయి. ‘ప్రభువా’ అన్న ఒక్క మాట మిగిలింది.

ఎవరో తల ఎత్తి పంచదార నీళ్లు తాగించారు. అత్తగారి అరచెయ్యి నా కడుపు మీద ఉంది. బయట ఎక్కడో మేక అరుస్తోంది.

“ఒలే!” అన్నారు అత్తగారు.

నాకంటే ముందు ఆమె చేతికే తెలిసింది. తర్వాత నాకూ తెలిసింది, పక్కటెముక కింద, చిన్నగా. ఆడవాళ్లు స్తోత్రం, స్తోత్రం అంటూ ఏడవడం మొదలుపెట్టారు. ఆ శబ్దం గోడలకు తగిలి రెండింతలైంది.

ఆటో వచ్చి హారను కొట్టింది.

“లెగు, డాక్టరమ్మకి సూపించీసి వద్దుం,” అంటూ అత్తగారు నా భుజం కింద చెయ్యి వేశారు.

“ఉండండత్తా,” అన్నాను, రాయిని వదలకుండా. “ఇంకొక్కసారి కదలనివ్వండి.”