నెలిదా కెటిల్లో నల్లమరక

సాంతా ఫేలోని మా ప్రయోగశాలలో నెలిదా బైగోర్రియా చేతులు చూస్తే చాలు, ఆమె పనేమిటో తెలిసిపోతుంది. ఇరవయ్యారేళ్లుగా గాజు గొట్టాలు కడిగీ కడిగీ వేళ్ల కొసలు పగిలిపోయాయి. పంతొమ్మిదో ఏట కొరొందా స్ట్రాబెర్రీ తోటల నుంచి వచ్చి మా సింకు దగ్గర నిలబడింది, అక్కడే ఉండిపోయింది. వాన పడిన రోజున పిండి అప్పాలు వేయించి తెస్తుంది. నాలాంటి పరిశోధక విద్యార్థులను ఎంతమందిని చూసిందో! అందరికీ ఒకటే పిలుపు: "పిల్లా."

నా పని ఒక ఎంజైముతో. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడకు కావలసిన చక్కెరను న్యూక్లియోటైడు అనే కూలీ మోసుకొస్తే, మా ఎంజైము మేస్త్రీలా అందుకుని గోడలో పేరుస్తుంది. ఆ మేస్త్రీని ఆపే మందు దొరికితే రోగం ఆగుతుందని మా ఆశ. ముందు వాడు పని చేయాలి కదా! చేస్తే గొట్టంలో పసుపు రంగు ఆకుపచ్చగా మారుతుంది.

మూడు వారాలుగా మారడం లేదు.

మా పెద్ద, డాక్టర్ సుబియేతా, చెడ్డవాడు కాడు. కానీ తప్పును ఎప్పుడూ తనకంటే కిందివాళ్ల దగ్గరే వెతుకుతాడు. నీళ్లను ఆవిరి పట్టి శుద్ధి చేసే పాత యంత్రాన్ని పారేసి మూడు వారాల కిందట కొత్తది తెప్పించింది ఆయనే. దాన్నెలా అనుమానిస్తాడు? "గొట్టాలు సరిగ్గా కడగడం లేదు" అన్నాడు. నెలిదా కడిగినవన్నీ ఆమె ఎదుటే నా చేత మళ్లీ కడిగించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. శుక్రవారానికి రంగు రాకపోతే ఆమెను సింకు దగ్గర నుంచి తీసి సామాన్ల గదికి పంపేస్తానన్నాడు. మాతే అంటే సొరబుర్రలో ఆకుపొడి మీద వేడినీళ్లు పోసి, ఒకే సన్నగొట్టంతో అందరూ వంతులవారీగా పీల్చే పానీయం. ఆ రోజు ఆమె మాతే అందిస్తే ఒక్కటి తాగి "గ్రాసియాస్" అన్నాడు. దానర్థం థాంక్స్ అనే, కానీ మాతే వంతులో ఆ మాటంటే ఇక నాకు పోయొద్దని. మొదటిదానికే అనడమంటే మొహం మీద తలుపు వేయడమే.

గురువారం నెలిదా మాతేకి రోజూ వాడే బోరునీళ్లు మానేసి కెటిల్లో కొత్త యంత్రం నీళ్లు నింపింది.

"అదేంటి నెలిదా?"

"అంత శుభ్రమైన నీళ్లు మనం మాత్రం తాగొద్దూ? గొట్టాలకు పట్టిన భోగం మన నోటికీ పట్టనీ. తాగు, పిల్లా."

పీల్చాను. "ఛీ, గడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంది!"

ఆమె కూడా పీల్చింది. నవ్వలేదు. కెటిల్ మూత తీసి లోపలికి చూసింది. ఇన్నేళ్ల బోరునీళ్ల మరక నల్లగా పొరకట్టి ఉంది.

"ఈ మాతేకి లేనిదేదో నీ ఎంజైముకీ లేదేమో. పాత యంత్రం మరిగేటప్పుడు బోరునీళ్లు మంచినీళ్లలోకి చిందేవి. దాని గొట్టమూ ఇలాగే నల్లబడేది. తోమేదాన్ని నేనే కదా."

"చిందేవా? ఎప్పుడూ చెప్పలేదే!"

"ఎప్పుడైనా అడిగారా?"

మూడు గొట్టాలు పెట్టాను. ఒకదాంట్లో కొత్త నీళ్లతో ఎంజైము. రెండోదాంట్లో ఎంజైముతో పాటు అయిదు చుక్కల బోరునీళ్లు. మూడోదాంట్లో ఎంజైము లేకుండా ఉత్త బోరునీళ్లు. పావుగంట ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. రెండోది ఒక్కటే ఆకుపచ్చగా మారింది. నేను గెంతాను, ఆమె నా వీపు మీద తడిచేత్తో ఒక్కటిచ్చింది.

ఆ నల్లమరక బోరునీళ్లలో ఉండే మాంగనీసు. మా పద్ధతిలో మెగ్నీషియం కలపమనే ఉంది, అదే కలుపుతూ వచ్చాం. మా మేస్త్రీకి కావలసింది ఇదన్నమాట; పాత యంత్రం చిందించిన బోరునీళ్లతో మాకు తెలియకుండానే అందేది. కొత్త నీళ్లలోనే చిటికెడు మాంగనీసు ఉప్పు వేస్తే ఇంకా చిక్కటి ఆకుపచ్చ వచ్చింది.

శుక్రవారం పొద్దున డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన గొట్టాలను కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి చూశాడు.

"అయితే గొట్టాలు శుభ్రంగానే ఉన్నాయన్నమాట."

"మరీ శుభ్రంగా ఉన్నాయి, డాక్టరు గారూ" అని నెలిదా మాతే అందించింది. "ఇదీ మీ యంత్రం నీళ్లతోనే చేశాను. కానివ్వండి."

ఆయన మొహం వికారంగా పెట్టాడు. అయినా గుడగుడమనేదాకా మొత్తం పీల్చాడు. గ్రాసియాస్ అంటాడేమోనని చూశాను. అనలేదు. ఖాళీ సొరబుర్రను ఆమె చేతికిచ్చాడు.

"ఇంకోటి పోయండి, నెలిదా. ఈసారి బోరునీళ్లతో."

ఆమె కెటిల్ తీసుకుని సింకు వైపు నడిచింది. తన సింకు వైపు.