మా తోట బొంగు

మాకు పశువుల కొట్టం వేసిన మేదరాయన ప్రతి వెదురుబొంగునూ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. భూములన్నీ పోగా మిగిలిన మా తోటలో కొట్టిన పచ్చి బొంగులను విని తల అడ్డంగా ఊపాడు.

“నెల దినాలు నీళ్లలో నానల్ల సామీ. తీపి పోకుంటే పురుగు తింటాది.”

“మా తోట బొంగును పురుగు ముట్టదు. కట్టు,” అన్నాను.

ఏడాదికల్లా పొడి రాలి వాసాలు విరిగాయి. నడుమ పాతిన నిట్రాట బొంగు ఒక్కటే నిలబడి, కప్పు ఎనుముల మీద పడకుండా ఆపింది.

“ఇది యాడిదప్పా?” అని మేదరాయనను అడిగాను.

“మీ తోటదే సామీ. ఒకటి మంచిది ఉండె.”

అంత లావు బొంగు మా తోటలో ఎన్నడూ లేదు. అది అహోబిలం అడవిది.

కొత్త బొంగులను నెల్లాళ్లు తొట్టిలో నానబెట్టాకే ఆయనకు కబురు పంపాను. ఒక్కొక్కటీ విన్నాడు. దేన్నీ పక్కన పెట్టలేదు.