మామ పేరు చెప్పిన అత్త

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున జొన్నరొట్టెలు కాలుస్తూ పొయ్యి దగ్గరే ఒరిగిపోయిందని ప్రొద్దుటూరు నుంచి మనిషి వచ్చి చెప్పాడు. స్వరాజ్యం వస్తోందని ఊళ్ళన్నీ సంబరపడుతున్న ఈ రోజుల్లో ఒక పత్తిమిల్లు కూలీ పోవడం ఎవరికీ వార్త కాదు. నాకు మాత్రం పెద్ద దిక్కు పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇప్పుడు కమలాపురంలో సేద్యం చేసుకుంటున్నాను గానీ, పెండ్లి కాకముందు అత్త ఇంట్లోనే ఉండి, ఆమె పనిచేసే మిల్లులోనే దూది బేళ్ళు కట్టేవాణ్ణి. మామ కూడా అక్కడే. గింజ తీసే యంత్రాల దగ్గర ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. అత్త నోరు పెద్దది, మనసూ పెద్దదే. సద్దిమూటలో రోజూ ఒక రొట్టె ఎక్కువే పెట్టుకునేది. "యెవురో ఒకరు తేకుండా వస్తార్లేరా అల్లుడా" అనేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు కూడా.

ఇంత నోరున్న మనిషి మొగుడి పేరు మాత్రం పలికేది కాదు. మా వైపు పెళ్ళయిన ఆడవాళ్ళెవరూ పలకరు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. మామ పేరు పుల్లన్న. అందుకని చింతపండు ఎక్కువైన చారును కూడా పుల్లగా ఉందనక, "పండ్లు జివ్వుమంటాండాయి" అనేది. మేం నవ్వితే గరిటె ఎత్తేది. ఎవరైనా మొగుడి పేరు అడిగితే పక్కనున్న ఆడమనిషి ఆ పేరు అందించాలి. అదీ పద్ధతి.

పత్తి ఎక్కువగా దిగే కాలంలో, దీపాలు పెట్టాక కూడా మిల్లులో ఆడవాళ్ళను ఇంటికి పంపేవాళ్ళు కాదు. చీకటి పడ్డాక వాళ్ళ చేత పని చేయించరాదని సర్కారు చట్టం ఉంది. ఆ చట్టం మద్రాసులో ఉండేది, మేం ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. ఒకనాడు నిద్రమత్తులో ఒకామె చెయ్యి యంత్రంలో పడి నలిగిపోయింది. సంఘం పెట్టాలని మగవాళ్ళం అప్పటికే గుసగుసలాడుకుంటున్నాం. అత్త వచ్చి మా మధ్యలో కూర్చుంది.

"మేము గింజ తీయకుంటే మీరు యేం కడతారప్పా బేళ్ళు? ఆడోళ్ళు లేని సంఘం యాడన్నా ఉంటాదా?" అంది. ఆమె పట్టుబట్టడం వల్లే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు అర్జీ పోయింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మేనేజరు గడుసువాడు. ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఆఫీసు గదిలోకి పిలిపించాడు. లోపల పేరు, ఊరు, మొగుడి పేరు అడిగారు. పేరు అందించే తోడు లేదు. ఒక్కొక్కరే తల వంచుకుని బయటికి వచ్చారు. "చూశారా సార్, మొగుడెవరో చెప్పలేని వాళ్ళు. వీళ్ళు మా కూలీలే కారు, ఎవరో ఉసిగొల్పి పంపినారు" అని మేనేజరు అనడం వరండాలో ఉన్న మాకు వినిపించింది. ఇన్‌స్పెక్టరు అట్లాగే వెళ్ళిపోతే అర్జీ చెత్తబుట్టలో పడుతుంది, అర్జీ పెట్టిన ఆడవాళ్ళు వీధిలో పడతారు. అది మా అందరికీ తెలుసు.

చివర అత్త వంతు వచ్చింది. లోపలికి పోయింది గానీ తలుపు వేయనివ్వలేదు. మొగుడి పేరు అడిగారు. వరండాలో మామ దగ్గుతూ నిలబడి ఉన్నాడు. ఏళ్ళ తరబడి దూది దుమ్ము మింగిన దగ్గు అది. అత్త ఆయన వైపు ఒకసారి చూసింది.

"రాసుకోండి సామీ. నా మొగుడు పుల్లన్న. నేను పేరు చెప్తే ఆయప్ప ఆయుష్షు యేం తగ్గదు. ఈ మిల్లు దుమ్ముకే తగ్గుతాండాది."

తర్వాత గుమ్మంలోకి వచ్చి మిగతా ఆడవాళ్ళను కేకేసింది. "రాండమ్మా, చెప్పండి. మనం నోరు మూసుకుంటే సర్కారు మాత్రం యేం చేస్తాది?" ఒకరి వెనక ఒకరు మళ్ళీ లోపలికి పోయారు. కొందరు ఏడుస్తూ చెప్పారు, కొందరు కండ్లు మూసుకుని చెప్పారు. అందరూ చెప్పారు.

మరునాడు మేనేజరు అత్తను గేటు బయటే నిలిపేశాడు. మేమంతా ఆమె పక్కనే కూర్చున్నాం. ఆమెను పనిలోకి తీసుకోమని ఇన్‌స్పెక్టరు ఉత్తరువు వచ్చేదాకా లేవలేదు. ఆ తర్వాత సంఘం సర్కారులో రిజిస్టరయింది, ఆడవాళ్ళ పేర్లతో సహా. ఆడవాళ్ళు పొద్దు గుంకకముందే ఇల్లు చేరేలా మిల్లు సైరనుకు వాళ్ళ కోసం వేరే కూత పెట్టారు. అన్నీ సాధించామని చెప్పను. దుమ్ము అట్లాగే ఉంది. కడదాకా అత్త దాని మీదే కొట్లాడింది. "చట్టముండాదని మనం పండుకుంటే అదీ మనతో పాటు పండుకుంటాది" అనేది. ఇంట్లో మాత్రం మామ పేరు మళ్ళీ పలకలేదు. చారు ఎప్పటిలాగే పండ్లను జివ్వుమనిపించేది.

పోయిన మంగళవారం సాయంత్రం ఆమెను ఊరి బయటికి మోసుకుపోతుండగా మిల్లు కూత వినిపించింది. ఆడవాళ్ళ కూత. ఇంకా ఎండ ఉంది. తలల మీద దూది పీచుతో వాళ్ళంతా అటునుంచి అటే వచ్చి గుంత చుట్టూ నిలబడ్డారు. తగ్గుతుందన్న ఆయుష్షు తగ్గని మా మామ పిడికిలి నిండా మన్ను పట్టుకున్నాడు. బ్రతుకంతా "ఇదో", "వింటివా" అని తప్ప ఆయన భార్యను పిలిచింది లేదు. ఆ రోజు మిల్లు ఆడవాళ్ళందరూ వింటుండగా, మన్ను వదిలే ముందు, ఆమెను పేరు పెట్టి పిలిచాడు.