సిలార్ చూపుడువేలు

"...వేలు పెట్టి తడిమి చూశానన్నావుగా, మరి ఆ చెమ్మ నీకెట్టా తెలీలా?" అంటోంది జోహరాబీ.

"చూశా. పొడిగానే ఉంది," అన్నాడు ఆమె భర్త సిలార్.

"పొడిగా ఉంటే జక్రయ్య వీపంతా మందుతో ఎందుకు తడిసింది?"

సిలార్ కొట్టు మూలనున్న పానాలు సర్దసాగాడు.

సత్తెనపల్లి దగ్గరి ఆ ఊళ్లో, పత్తికి మందు కొట్టే చేతి పంపులు బాగుచేసేది అతనొక్కడే. బాగుచేసి ఊరుకోడు, మనిషికి తగ్గట్టు మారుస్తాడు. డబ్బా నిండా నీళ్లు పోసి, మోసేవాడి వీపుకే తగిలించి కొట్టు ముందు నడిపిస్తాడు. "నొప్పి ఎక్కడ మొదలవుతోందిరా?" అని అడుగుతాడు. తర్వాత తనే తగిలించుకుని, అచ్చం వాడిలాగే వంగి నడుస్తాడు. మిరప బస్తాలు మోసి కుడి భుజం జారిపోయిన జక్రయ్యకు హేండిలు ఎడమ చేతికి మార్చాడు. నడుం దగ్గర గోనెపట్టా మడిచి కుట్టాడు.

"డబ్బాలా లేదన్నా, చంటిపిల్లని వీపున కట్టుకున్నట్టుంది," అని జక్రయ్య నవ్వాడు.

చివర్లో పంపులో గాలి కొట్టి, డబ్బా అడుగు అతుకు చుట్టూ చూపుడువేలు తిప్పడం సిలార్ పద్ధతి. కంటికి ఆనని చెమ్మ వేలికి చల్లగా తగిలేది. పాత మందు అంటిన డబ్బాలను ఏళ్లతరబడి ఒట్టి చేతుల్తోనే తడిమాడు. ఈ వానాకాలం మొదట్లో టీ గ్లాసు వేడి చేతికి తెలియలేదు. పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. వేలు మాత్రం తిప్పుతూనే ఉన్నాడు.

జక్రయ్య చేలో పడిపోయింది ఆ తర్వాతే. ఆసుపత్రిలో బతికాడు.

మొగుడూపెళ్లాల గొడవ తెగకముందే జక్రయ్యే పంపు పట్టుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"అన్నా, వాషరు మార్చిపెట్టు. సోమవారం పనిలోకి పోవాలి."

"పట్నంలో చేయించుకోకపోయావా?"

"ఇంకోళ్లు చేసింది ఈ భుజానికి పట్టదు."

సిలార్ వాషరు మార్చాడు. నీళ్లు పోసి గాలి కొట్టాడు. వేలు ఒకసారి తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"పొడిగానే ఉంది."

జోహరాబీ వంగి అక్కడే తన వేలు పెట్టింది. తీసి సిలార్ ముందు పట్టింది. వేలికొస తడిగా మెరుస్తోంది. ఆమె ఆ వేలిని అతని అరచేతికి రాసి, ముఖంలోకి చూసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పంపులో నీళ్లు వీధిలోకి వొంపేశాడు.

"జక్రయ్యా, ఇది నీకివ్వను. రేపటి నుంచి నేను కొట్టు తియ్యను," అన్నాడు.