తొక్కకీ తొక్కుకీ మధ్య నా రక్తపోటు

ఉసిరి తొక్కు అంటే నాకు ప్రాణం. వేడన్నంలో కలుపుకుని నువ్వులనూనె వేసుకున్నానంటే పక్కన కూర ఉందో లేదో కూడా చూడను. ఆ ఇష్టం కోసం నేను చేసిన పని చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. ఉక్కు ప్లాంటులో నేను క్రేన్ ఆపరేటర్ని. పైన క్యాబిన్‌లో నేను, కింద ఈల ఊదుతూ చేత్తో సైగలు చేసేది నా బావమరిది. మా ఇద్దరి మధ్య, కొక్కేనికి వేలాడుతూ కరిగిన ఉక్కు నిండిన పెద్ద బాన. దాన్ని లేడిల్ అంటాం, అంటే గరిటే. షిఫ్టు దిగగానే వాడు, "బావా, నీకంటే మా అక్క నయం. గరిటి తిప్పితే సుక్క ఒలకదు" అనేవాడు.

ఆ ఏడాది వైద్య పరీక్షలో నా రక్తపోటు ఎక్కువ చూపించింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కొత్తగా వచ్చింది. మాత్రలు రాసి, "ఉప్పు బాగా తగ్గించండి. ఊరగాయలు, ఉప్పుచేపలు మానేయండి. రెండు నెలల్లో దిగకపోతే మిమ్మల్ని క్రేన్ ఎక్కనివ్వను" అంది.

నాకు ఏడుపొచ్చింది. "తినగలిగేదేమైనా ఉందామ్మా?" అని అడిగాను.

ఆవిడ ముఖం వెలిగింది. మొక్కల్లో పాలీఫినాల్స్ అనేవి ఉంటాయట. మనం తిన్నవి తిన్నట్టుగా రక్తంలో కలిసేది చాలా తక్కువట. మిగతావి పెద్దపేగు దాకా వెళితే అక్కడి సూక్ష్మజీవులు వాటిని విరగ్గొట్టి చిన్న పదార్థాలుగా మారుస్తాయట. అవి రక్తంలోకి చేరి రక్తనాళాల లోపలి పొరకు మేలు చేస్తాయట. పొర బాగుంటే నాళం బిగుసుకుపోకుండా సాగుతుందట.

"అంటే ముడిరాయి ఫర్నేసులోకి వెళితేగానీ ఇనుము కానట్టు."

"అంతే. మీ పేగే ఫర్నేసు. జామ, ఆపిల్ లాంటివి తొక్కతో తినండి. ఇది మాత్రలకి బదులు కాదు, తోడు మాత్రమే."

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ మిక్సీ తిప్పుతోంది.

"ఏటన్నారండీ డాక్టరమ్మ?"

"తొక్కతో తినమంది."

"తొక్కుతోనా?"

మిక్సీ ఆగింది. దిద్దడానికి నాకు కావలసినంత సమయం ఉంది. దిద్దలేదు.

"ఆఁ. ఉసిరిలో పాలీఫినాల్స్ ఉంటాయిగా" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఉప్పు సంగతి మాత్రం మింగేశాను.

"బీపీకి తొక్కేటండీ?"

"కొత్త సైన్సు. కడుపులో పురుగులు దాన్ని ముక్కలు చేస్తాయి."

"మీ కడుపులో పురుగులున్నాయా? ఇన్నాళ్ళూ సెప్పరేటి! ఆటికి కూడా మందు తెత్తానుండండి."

ఆ మందు తప్పించుకోవడానికి చాలా కష్టపడ్డాను. ఆ మర్నాటి నుంచి పాపం రోలు ముందు కూర్చుని ఉసిరికాయ దంచింది, చింతకాయ దంచింది. రెండు పూటలా కొసరి కొసరి వడ్డించింది. బావమరిది వచ్చి నా కంచం చూసి, "ఏటక్కా, నాకెప్పుడైనా ఇంత ముద్ద ఎట్టినావా? నాకూ బీపీ వచ్చినా బాగున్ను" అన్నాడు.

రెండు నెలలకి మళ్ళీ పరీక్షకి వెళ్తుంటే మా ఆవిడ తనూ వస్తానంది. వద్దన్నా వినలేదు. చేతిలో సీసా.

డాక్టరమ్మ నా చేతికి పట్టీ కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. "పెరిగింది. ఏం తింటున్నారు?"

మా ఆవిడ సంతోషంగా సీసా బల్లమీద పెట్టింది. "మీరు సెప్పిందేనమ్మా. రెండు పూటలా ఎడతన్నాను. మీకూ తెచ్చాను."

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. "నేను చెప్పింది తొక్కమ్మా. పండు తొక్క. ఊరగాయలు మానమన్నాను కదా?"

మా ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో, నానే తప్పుగా ఇన్నానమ్మా. ఆయన సరిగ్గానే సెప్పుంటారు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడమీది గుండె బొమ్మని చాలా శ్రద్ధగా చదవసాగాను. ఆవిడ కలం తీసింది. క్రేన్ ఎక్కకూడదని రాసిచ్చింది.

మేముండే కూర్మన్నపాలెంలో బస్సు దిగేదాకా మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "నా సేతుల్తోనే ఎట్టాను కదండీ." ఇక ఆగలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాసేపు నడిచి ఆగింది.

"ఆ కొక్కెం కింద మా తమ్ముడే కదండీ నిలబడతాడు? పైన మీకు కళ్ళు తిరిగితే?"

రెండు నెలలుగా నా పేగుల గురించీ నాళాల గురించీ ఆలోచించినవాణ్ణి, ఆ మాట ఒక్కసారీ ఆలోచించలేదు.

మర్నాడు ప్లాంటులో బావమరిది ఎదురొచ్చాడు. వాళ్ళ అక్క చెప్పేసింది. "ఏటి బావా, తొక్కు తిని నన్ను తొక్కేద్దామనుకున్నావేటి?" అని పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నాకు నేలమీద, వాడి పక్కనే పని ఇచ్చారు. వాడు ఈల ఊదాడు. వేరే ఆపరేటరు తిప్పుతున్న లేడిల్ మా వైపు కదిలింది. తలెత్తి చూశాను. కింద నుంచి అది అంత పెద్దగా కనిపిస్తుందని అన్నేళ్ళూ నాకు తెలియదు.